రెండు కల్పిత భాషల నుంచి వాటి తల్లిభాష వ్యాకరణం తీయడం ఎలా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో చెప్తాను. మీ నవలలో రెండు జాతులున్నాయి. కొండవాళ్ళ భాష ఒకటి, సముద్రతీరం వాళ్ళ భాష ఒకటి, రెండూ మీరే కట్టారు, రెండింటికీ వ్యాకరణం కూడా రాసుకున్నారు. కథ మధ్యలో ఒక రాతి శాసనం బయటపడాలి, అది ఈ రెండు భాషలకీ తల్లి అయిన పాత భాషలో ఉండాలి. తీరభాషలో ఏడు విభక్తులు, కొండభాషలో రెండే, కాబట్టి తల్లిభాషలో మధ్యేమార్గంగా నాలుగో ఐదో పెట్టుకుంటే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండి. తల్లిభాష అంటే ఇద్దరు పిల్లల సగటు కాదు. విభక్తులు ఎన్ని అని లెక్కపెట్టకండి, ఒక్కో ప్రత్యయాన్నీ పట్టుకుని అది ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగండి. కొన్ని తల్లిలోవి అని తేలతాయి, కొన్ని పిల్లలు పెద్దయ్యాక సొంతంగా సంపాదించుకున్నవని తేలతాయి. మిగిలినవి ఎన్నయితే అన్ని. ఇంకో మాట, రెండు భాషల్లోనూ నున్నగా, పద్ధతిగా ఉన్న చోట్ల వెతికితే పెద్దగా దొరకదు. తల్లిభాష వ్యాకరణం ఎక్కువగా దాక్కునేది మొండి రూపాల్లో, అపవాదాల్లో, సామెతల్లో ఇరుక్కుపోయిన పాత మాటల్లో. నేను ద్రావిడభాషల చరిత్ర పాఠం చెప్తాను, కథలకీ ఆటలకీ భాషలు కట్టేవాళ్ళకి సాయం చేస్తుంటాను. రెండు పనుల్లోనూ మళ్ళీ మళ్ళీ కనిపించేది ఇదే.

విభక్తులతోనే మొదలుపెడదాం, మీ టెన్షన్ దాని గురించే కాబట్టి. బళ్ళో మనందరం బట్టీ పట్టినవే: డు ము వు లు ప్రథమ, నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయ, చేతన్ చేన్ తోడన్ తోన్ తృతీయ... ఆ పట్టిక చూస్తే తెలుగుకి బోలెడు విభక్తి ప్రత్యయాలున్నాయి అనిపిస్తుంది. ఒక్కొక్కటీ గిల్లి చూడండి. 'తో' అంటే 'తోడు' అరిగిపోయి మిగిలింది. 'చేత' అంటే చెయ్యే. 'గురించి', 'కూర్చి', 'పట్టి' ఇవన్నీ ఒకప్పుడు మామూలు క్రియల రూపాలు. పంచమిలాగా ఇప్పుడు మనం వాడే 'నుండి'లో 'ఉండి' ఉంది, ఇంటన్ ఉండి, ఇంటినుండి, ఇంటినుంచి. 'లో' తమిళంలో 'లోపల' అనే అర్థం ఉన్న 'ఉళ్'కి చుట్టం. ఇవన్నీ తీసేస్తే నిజంగా పాతవి అని గట్టిగా చెప్పగలిగినవి చాలా తక్కువ. 'కి, కు' వాటిలో మొదటిది. తమిళంలో 'కు', కన్నడంలో 'గె, కె', మిగతా ద్రావిడభాషల్లోనూ దాని తోబుట్టువులు కనిపిస్తాయి, కాబట్టి అది తల్లి ఆస్తి. ద్వితీయ దగ్గరికి వస్తే మన 'ని, ను' ఒక దారి, తమిళం 'ఐ' ఇంకో దారి. అక్కడ తల్లికి రెండు ప్రత్యయాలూ ఉండేవని చెప్పుకోవాల్సి వచ్చింది.

మీ తీరభాష ఏడు విభక్తుల్లో మూడింటికి పక్కనే ఆ ప్రత్యయంలాంటి మామూలు మాట కూడా ఉందని మీరే రాశారు (వెంట, దగ్గర, మీద అనే అర్థాలతో). అవి తల్లిభాషలో విభక్తులు కావు. శాసనంలో వాటిని విడి మాటలుగానే రాయండి. అంటే ఏడు నాలుగయ్యాయి.

ఇక కొండభాషలో రెండే ఉన్నాయి కదా అన్న సందేహం. భాషలో విభక్తి చచ్చిపోయినా దాని శవం ఎక్కడో ఒకచోట ఉంటుంది. తెలుగులో పాత సప్తమి 'న' ఇప్పుడు మామూలు మాటల్లో అంతగా వాడం, 'ఇంట్లో' అంటాం. కానీ 'ఇంట గెలిచి రచ్చ గెలువు' అంటాం, 'నోట మాట రాలేదు' అంటాం, 'కంట తడి పెట్టుకుంది' అంటాం. ఇంట, నోట, కంట అనేవి ఆ పాత విభక్తి ఆనవాళ్ళే. మీ కొండభాషలో 'పోల్' అంటే ఊరు, 'పోలన్' అంటే 'ఊరివైపు' అని ఒక క్రియావిశేషణం ఇచ్చారు, అది ఎలా వచ్చిందో తెలియదు, వినడానికి బాగుందని పెట్టాను అన్నారు. తీరభాషలో 'పోల' అంటే ఊరు, 'పోలను' అంటే ఊరికి. కొండభాషలో మాట చివరి అచ్చులు రాలిపోతాయి అని మీ నియమం ఉండనే ఉంది. 'పోలను' చివర ఉకారం రాలితే 'పోలన్'. అంటే చతుర్థి 'ను' తల్లిభాషలోనే ఉంది, కొండవాళ్ళు దాన్ని పోగొట్టుకున్నారు, ఒక్క మాటలో మిగిలింది. మీకు తెలియకుండానే సాక్ష్యం పెట్టుకున్నారు, ఇలాంటివి మీ పదకోశంలో ఇంకా ఉంటాయి, వెతకండి.

కానీ ఇదంతా చెయ్యాలంటే ధ్వనుల లెక్క ముందు తేలాలి, వ్యాకరణం తర్వాతే. ఈ వరసని తలకిందులు చేసేవాళ్ళు చాలామంది. ప్రత్యయాలు అంటే చిన్న చిన్న శబ్దాలే కదా, ఏ శబ్దం ఏ శబ్దంగా మారిందో తెలియకుండా రెండు ప్రత్యయాలు ఒకటో కాదో ఎలా చెప్తారు?

మీరిచ్చిన మాటలతోనే చేసి చూపిస్తాను. చెట్టు: తీరభాషలో 'మాగ', కొండభాషలో 'మాక్'. ఇల్లు: తీరభాషలో 'సూద', కొండభాషలో 'సూత్'. బహువచనం తీరభాషలో 'మాగి, సూది', కొండభాషలో 'మేక్, సీత్'. తీరంలో రెండు అచ్చుల మధ్య ఉన్న పరుషం సరళమైంది (క గ అయింది, త ద అయింది), కొండలో చివరి అచ్చు రాలింది. కాబట్టి తల్లిలో 'మాక', 'సూత'. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. కొండభాష బహువచనానికి ప్రత్యయమే లేదే, అచ్చు మారుతుందంతే, మరి తల్లి బహువచనం ఏది? తీరభాష 'ఇ' పెడుతోంది. తల్లిలో కూడా 'మాకి, సూతి' అనుకోండి. కొండవాళ్ళ నోట్లో చివరి ఇకారం ముందున్న అచ్చుని తనవైపు లాక్కుంది, ఆ ఏ అయింది, ఊ ఈ అయింది, ఆ తర్వాత ఇకారం రాలిపోయింది: మాకి, మేకి, మేక్. వరస ముఖ్యం. చివరి అచ్చు ముందే రాలిపోయి ఉంటే 'మాక్' మీద లాగడానికి ఏమీ ఉండదు, బహువచనం ఏకవచనంతో కలిసిపోయేది. కాబట్టి మొదట అచ్చు మారడం, తర్వాత అచ్చు రాలడం. ఈ రెండు ముక్కలూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఇక మీద ప్రతి మాటా ఈ వరసలోనే నడవాలి.

ఇది నేను కల్పించిన పద్ధతి కాదు. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన టోల్కీన్ కట్టిన భాషల్లో క్వెన్యా, సిందరిన్ రెండూ ఒకే తల్లికి పుట్టినవి. మనుషులు అనడానికి క్వెన్యాలో ఏకవచనం 'అతన్', బహువచనం 'అతని'. సిందరిన్‌లో 'అదన్', బహువచనం 'ఎదైన్'. సిందరిన్‌లో బహువచన ప్రత్యయం కనబడదు, కానీ అచ్చుల మీద దాని ముద్ర ఉంది, క్వెన్యాలో ప్రత్యయమే ఉంది. రెండూ పక్కపక్కన పెడితే తల్లి తేలుతుంది. చెట్టు అన్నమాట ఇంకా బావుంటుంది: క్వెన్యాలో 'అల్ద', సిందరిన్‌లో 'గలధ్', తల్లిలో 'గలదా'. క్వెన్యా మొదటి గకారాన్నీ మధ్య అచ్చునీ పోగొట్టుకుంది, సిందరిన్ చివరి అచ్చుని పోగొట్టుకుంది. ఏ ఒక్క కూతుర్ని చూసినా తల్లి పూర్తిగా కనబడదు. నాకు ఆయన పనిలో అన్నిటికంటే నచ్చేది ఇదే, ఇద్దరి దగ్గరా ఇంత ఇంత మిగిల్చి, ఇంత ఇంత పోగొట్టాడు.

ధ్వనుల విషయంలో నిజమైన భాషలు ఎంత సూక్ష్మంగా ఉంటాయో మన ఇంట్లోనే చూడొచ్చు. మనం 'చెవి' అంటాం, తమిళులు కూడా 'చెవి' అంటారు, కన్నడిగులు 'కివి' అంటారు. ఇకారం, ఎకారం ముందు క కాస్తా చ అయింది, కన్నడం పాత క నిలబెట్టుకుంది. సరే, అయితే మనం 'చెడు' అంటే తమిళం 'కెడు' అంటుంది. మనం 'చిలుక' అంటే తమిళం 'కిళి' అంటుంది. తమిళంలో ఇక్కడ మారలేదేం? ఆ అచ్చు తర్వాత ట, డ, ళ లాంటి మూర్ధన్యం ఉంటే తమిళం మార్పుని ఆపేసింది, తెలుగు ఆపలేదు. ఇక 'కింద' చూడండి, ఇకారం ముందు క ఉన్నా 'చింద' కాలేదు. తమిళంలో అది 'కీఴ్', పాత తెలుగులో 'క్రింద'. తమిళం ఴ ఉన్నచోట మనకున్న రేఫ (ర) అప్పటికే ముందుకు దూకి క పక్కన చేరింది, కాబట్టి క ఇకారానికి తగల్లేదు, బతికిపోయింది. అంటే రేఫ దూకడం ముందు, క చ అవడం తర్వాత. ఒక్క మాటతో రెండు మార్పుల వరస తేలిపోయింది. మీ నియమాల్లో కూడా ఇలాంటి ఒకటి రెండు ఆపుదలలు పెట్టండి, భాషకి వయసు వస్తుంది.

దిశ కూడా చూసుకోవాలి. క్లాసులో 'పాలు, హాలు', 'పులి, హులి' అనే తెలుగు, కన్నడ జంటలు ఇచ్చి తల్లిలో ఏముండేదో చెప్పమంటే కొందరు హ అంటారు. లోకంలో ప హ అవడం తరచుగా జరుగుతుంది, హ ప అవడం అరుదు. పైగా పాత కన్నడ శాసనాల్లో ప ఉండనే ఉంది. మీరు ఏ మార్పు పెట్టినా అది అటు నుంచి ఇటే ఎందుకు జరుగుతుంది అని ఒకసారి అడగండి.

ఇప్పుడు అసలు సరుకు, క్రమం తప్పిన రూపాలు. రెండు భాషలూ ఒకే చోట ఒకే తీరులో క్రమం తప్పితే, అది తల్లి దగ్గర్నుంచి వచ్చిందే. క్రమంగా ఉన్న పోలికలు ఎన్నో కారణాల వల్ల రావచ్చు, ఒకే రకం తిక్క రెండు ఇళ్ళలో విడివిడిగా పుట్టడం కష్టం. సంస్కృతంలో 'అస్తి, సంతి', లాటిన్‌లో 'ఎస్త్, సుంత్', జర్మన్‌లో 'ఇస్త్, జింత్'. ఏకవచనంలో ఉన్న అచ్చు బహువచనంలో మాయమవుతుంది, మూడు భాషల్లోనూ. వీటిని చుట్టాలు అనడానికి ఇలాంటి జంటలు వంద మామూలు మాటల కంటే బలమైన సాక్ష్యం.

మన దగ్గర 'వచ్చు' చూడండి. వచ్చాడు అంటాం, రాడు అంటాం, రా అంటాం. పసిపిల్లలకీ తెలుగు నేర్చుకునే పరాయివాళ్ళకీ ఇది చుక్కలు చూపిస్తుంది. తమిళంలో 'వా' అంటే రా, 'వరువాన్' అంటే వస్తాడు, 'వందాన్' అంటే వచ్చాడు. కన్నడంలో 'బా', 'బరుత్తానె', 'బందను'. అక్కడా అదే తిక్క, ధాతువు ఒకచోట రేఫతో, ఒకచోట రేఫ లేకుండా. తెలుగులో 'వర్'లోని రేఫ ముందుకి దూకి 'వ్రా' అయి, తర్వాత 'రా' అయింది. 'వ్రాయు' కాస్తా 'రాయు' అయినట్టే, దానికి తమిళంలో జంట 'వరై'. అంటే మనకి వచ్చు, రా అని రెండు వేరే ధాతువుల్లా కనిపించేది తల్లిభాషలో ఒకే ధాతువుకి రెండు వేషాలు. ఇది తెలిశాక తల్లి క్రియ ఎలా నడిచేదో ఒక కిటికీ తెరుచుకుంటుంది.

నామాల్లోనూ ఇంతే. ఇల్లు ఇంటి, కన్ను కంటి, నోరు నోటి, ఏరు ఏటి. ఈ 'టి' ఎక్కడిది? తమిళంలో 'వీడు' (ఇల్లు) ప్రత్యయం చేరేముందు 'వీట్టు' అవుతుంది, 'ఆఱు' (ఏరు) 'ఆఱ్ఱు' అవుతుంది. ఒకే రకం మాటల్లో, ఒకే చోట, ఒకే రకం ద్విత్వం. విభక్తి ప్రత్యయాల కంటే ముందు తల్లిభాషలో నామానికి ఒక ప్రత్యేకమైన 'మధ్య రూపం' ఉండేదని, దానిమీదే ప్రత్యయాలు చేరేవని దీనివల్ల తెలుస్తుంది. మీ తీరభాషలో కొన్ని నామాలు ప్రత్యయం ముందు హల్లు రెట్టించుకుంటాయని రాసి, ఇది తప్పులా కనిపిస్తోంది, తీసేయనా అని అడిగారు. దయచేసి తీసేయొద్దు. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే విలువైనది అదే కావచ్చు. కొండభాషలో షష్ఠి రూపంలో కూడా అవే మాటలు తిక్కగా ఉన్నాయేమో చూడండి.

పాతదేదో కొత్తదేదో విడదీయడంలో ఇంకో జాగ్రత్త. పొడవుగా, అతుకులు కనబడేలా ఉన్న రూపం దాదాపు ఎప్పుడూ కొత్తది. 'చేస్తున్నాను'లో 'ఉన్నాను' ఇప్పటికీ పగటి వెలుతురులో కనిపిస్తుంది, అది పెద్ద ప్రాచీనమైంది కాదు. పొట్టిగా, అతుకు కనబడకుండా ఉన్నది పాతదై ఉండే అవకాశం ఎక్కువ. 'రాను' అనే వ్యతిరేక రూపం తీసుకోండి. రాను అంటే రానని అర్థం, అందులో 'కాదు', 'లేదు' లాంటి మాటేదీ విడిగా వినబడదు. పాత తమిళంలో 'వారేన్', పాత కన్నడంలో 'బారెం', ఇదే పద్ధతి. ఇప్పటి తమిళులు 'వరమాట్టేన్' అంటారు, ఇప్పటి కన్నడిగులు 'బరువుదిల్ల' అంటారు, అవి అతికించుకున్నవి. ఇవాళ్టి మాటలు మాత్రమే చూసేవాడికి తెలుగు ఒంటరిగా కనిపిస్తుంది, తెలుగే కొత్తగా ఏదో చేసింది అనిపిస్తుంది. నిజానికి పాతదాన్ని నిలబెట్టుకున్నది మనం.

అందుకే ఒక కూతురి మీద పక్షపాతం వద్దు. మీరు రాసినదాన్నిబట్టి తీరభాష మీకు ఎక్కువ ఇష్టం, దాన్ని కొంచెం గంభీరంగా చేసి తల్లిభాష అనాలని ఉంది. సరిగ్గా ఇదే పని ఒక మహా పండితుడు చేశాడు. ఆగస్ట్ ష్లైఖర్ 1868లో, ఇండో యూరోపియన్ భాషల (సంస్కృతం, లాటిన్, జర్మన్ లాంటివాటి) తల్లిలో గొర్రె, గుర్రాల గురించి ఒక చిన్న కథ రాసి చూపించాడు. అది చదివితే సంస్కృతం వేషం మార్చుకున్నట్టు ఉంటుంది, అంతా అకారాలే. సంస్కృతం పాతది, కాబట్టి తల్లికి దగ్గర అన్న నమ్మకం అది. కొన్నాళ్ళకే ఆ అకారాల్లో చాలా వాటి వెనక ఎకారం, ఒకారం ఉన్నాయని తేలింది. ఎలా తేలిందో మనకి ఇట్టే అర్థమవుతుంది. కృ ధాతువుకి 'చకార', గమ్ ధాతువుకి 'జగామ'. మొదటి అక్షరం ధాతువునే రెట్టిస్తోంది కదా, 'కకార', 'గగామ' అని ఎందుకు లేదు? ఆ మొదటి అక్షరంలో ఒకప్పుడు ఎకారం ఉండేది కాబట్టి. మన 'చెవి'లో జరిగినట్టే ఎకారం క ని చ చేసింది, ఆ తర్వాత ఆ ఎకారం కూడా అకారంలో కలిసిపోయింది. 1939లో హెర్మన్ హిర్ట్ అదే కథని మళ్ళీ రాస్తే చూడ్డానికి ఇంకో భాషలా ఉంది. ఆ తర్వాత కూడా పండితులు దాన్ని తిరగరాస్తూనే ఉన్నారు.

లింగం విషయంలో కూడా ఇదే జాగ్రత్త పనికొస్తుంది, మీ కొండభాషలో అతడు, ఆమె, అది మూడూ వేరు, తీరభాషలో రెండే కాబట్టి అడుగుతారని ముందే చెప్తున్నాను. ఎక్కువ ఉన్నదే పాతది అనుకోవద్దు. తమిళంలో 'అవన్, అవళ్, అదు' మూడున్నాయి, తెలుగులో ఏకవచనంలో 'వాడు' ఒకవైపు, ఆడవాళ్ళకీ వస్తువులకీ కలిపి 'అది' ఇంకోవైపు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి వాదన ప్రకారం 'అవళ్' దక్షిణ ద్రావిడ శాఖలో కొత్తగా పుట్టింది, పురుషుడు, తక్కినవన్నీ అనే విభజనే పాతది. తెలుగుతో పాటు గోండి, కుయి, కురుఖ్ లాంటి దూరపు చుట్టాల్లో ఇలాంటి విభజన కనిపించడం దానికి బలం.

ఇంకో చిక్కు, అరువు. మీ రెండు జాతులూ కథలో ఎన్నో తరాలు వ్యాపారం చేసుకున్నాయని రాశారు. పక్కపక్కన బతికిన భాషలు మాటలే కాదు, వ్యాకరణం కూడా ఇచ్చిపుచ్చుకుంటాయి. మరాఠీలో 'ఆమ్హీ' అంటే మేము, 'ఆపణ్' అంటే మనం, ఆ తేడా హిందీ 'హమ్'లో లేదు. మరాఠీకి అది ద్రావిడ భాషల పొత్తువల్ల వచ్చింది అంటారు. ఎవరైనా తెలుగు, మరాఠీ మాత్రమే చేతిలో పెట్టుకుని తల్లిని తీయబోతే మేము, మనం తేడాని ఇద్దరి తల్లికీ అంటగట్టేస్తారు. గుర్తుపట్టే దారి ఒకటే, రూపం కలుస్తోందా, ఆలోచన మాత్రమే కలుస్తోందా అని చూడాలి. మీ రెండు భాషల్లోనూ 'అని' లాంటి మాట వాక్యం చివర వస్తుంది, కానీ రెండు మాటల ధ్వనులు మీ నియమాలకి కుదరవు. అంటే అది తల్లిది కాదు, సంతలో నేర్చుకున్నది. శాసనంలో పెట్టకండి.

ఇక దొరకనిది. పిల్లలందరూ పోగొట్టుకున్నదాన్ని ఏ పద్ధతీ తిరిగి తేలేదు. ఫ్రెంచ్, ఇటాలియన్, స్పానిష్ అన్నీ కలిపి వెనక్కి లెక్క కడితే మామూలు జనం మాట్లాడిన లాటిన్‌కి దగ్గరగా వెళ్తాం. కానీ 'అమాతుర్' (ప్రేమించబడుతున్నాడు) లాంటి ఒంటిమాట కర్మణి రూపం ఎంత వెతికినా రాదు, 'అమాబో' (ప్రేమిస్తాను) అనే భవిష్యత్తు రాదు, ఎందుకంటే పిల్లలెవరి దగ్గరా వాటి ఆనవాలు లేదు. పుస్తకాలు మిగిలాయి కాబట్టి మనకి తెలిసింది. దీనికి అద్భుతమైన ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1879లో సొస్యూర్ అనే భాషావేత్త కేవలం అచ్చుల తిక్కలు చూసి, ఇండో యూరోపియన్ తల్లిలో అప్పటికి తెలిసిన ఏ కూతురిలోనూ వినబడని కొన్ని శబ్దాలు ఉండి తీరాలి అన్నాడు. తర్వాత హ్రోజ్నీ 1915లో అదే కుటుంబానికి చెందిన ప్రాచీన హిట్టైట్ భాషని ఛేదించాడు. 1927లో కురిలోవిచ్ ఆ భాషలోని ఒక హకారం సరిగ్గా సొస్యూర్ చెప్పిన చోట్లలో ఉందని చూపించాడు. మీరు నవలాకారులు, మీ చేతిలో హిట్టైట్ కూడా ఉంది. శాసనంలో రెండు భాషల్లోనూ లేని ఒక్క ప్రత్యయమో శబ్దమో పెట్టండి, ఒకటే, ఎక్కువ వద్దు. అది లేకపోతే శాసనం మీ లెక్కకి మరీ నున్నగా సరిపోతుంది, నిజమైన పాత భాష అలా ఉండదు. కానీ అది పెట్టాక దానివల్ల పిల్లల్లో ఒక తిక్క పుట్టిందని ఎక్కడైనా చూపించాలి.

మీకు మొత్తం వ్యాకరణం కావాలా అంటే, అక్కర్లేదు. శాసనానికి ఏం కావాలో అంతే కట్టండి. మన తొలి తెలుగు శాసనాలు, కడప జిల్లాలో రేనాటి చోళులవి, కలమళ్ళ శాసనం సుమారు 575 నాటిది అంటారు, అవి చూస్తే ఆ రకం రాతల్లో ఏముంటుందో తెలుస్తుంది. ఫలానా రాజు ఏలుతుండగా, ఫలానావాడు, ఫలానావాళ్ళకి, ఇంత భూమి ఇచ్చాడు, దీన్ని చెరిపినవాడికి పాపం. అంటే మీకు ప్రథమ పురుష భూతకాలం కావాలి, చతుర్థి కావాలి, బహువచనం కావాలి, 'చెరిపినవాడు' లాంటి నిర్మాణం కావాలి. నేను, నువ్వు అక్కర్లేదు, ప్రశ్నలు అక్కర్లేదు, భవిష్యత్తు ఒక్క శాపంలో తప్ప అక్కర్లేదు. 'చెరిపినవాడు' నిర్మాణాన్ని మాత్రం శ్రద్ధగా తీయండి. తెలుగు 'వచ్చినవాడు', తమిళం 'వందవన్', కన్నడం 'బందవను' మూడూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి, క్రియ నుంచి ఒక విశేషణం, దానికి తగిలించిన సర్వనామం. వాక్యనిర్మాణం తిరిగి తీయడం ధ్వనుల కంటే చాలా కష్టం, కానీ ఇలాంటి కరడుగట్టిన ముక్కలు ఉంటే కొంత చేతికొస్తుంది. మీ రెండు భాషల్లో ఒకటి 'ఎవడు చెరిపితే వాడు' అని, ఒకటి 'చెరిపినవాడు' అని అంటున్నాయి. రెండోది క్రియారూపంలోనే ఇమిడిపోయింది, మొదటిది విడి మాటలతో నడుస్తోంది, కాబట్టి నేనైతే రెండోదే తల్లికి ఇస్తాను.

పని అయ్యాక వెనక్కి కట్టినదాన్ని ముందుకి నడిపి చూడండి. ఇది మాత్రం మానొద్దు. తల్లిభాష మాట రాసి, మీ ధ్వని నియమాలు వరసగా ఒక్కొక్కటీ వేసుకుంటూ రెండు భాషల దాకా రండి. మీ పదకోశంలో ఉన్న రూపం వస్తే సరే. రాకపోతే మూడు దారులు: నియమం సరిదిద్దడం, తల్లి రూపం సరిదిద్దడం, లేదా కూతురు ఆ మాటని తర్వాత మిగతావాటి తీరులోకి సర్దేసుకుంది అనుకోవడం. మూడోది నిజమైన భాషల్లో చాలా జరుగుతుంది, కానీ ప్రతి చిక్కుకీ అదే చెప్తే మీ నియమాలకి అర్థం ఉండదు. ఒక ఆట తయారుచేసేవాళ్ళకి సాయం చేసినప్పుడు వాళ్ళ జాబితాలో మూడో వంతు మాటలకి ఈ సాకే రాసి ఉంది. ధ్వని నియమాల వరస మార్చగానే వాటిలో చాలావరకు వాటంతట అవే సర్దుకున్నాయి. వరస తప్పితే మాట ప్రతిసారీ మొండికేస్తుంది.

ఒక తేదీ పెట్టుకుని తల్లిభాషని అక్కడ ఆపేయండి కూడా. టోల్కీన్ జీవితాంతం తన భాషల చరిత్రని మారుస్తూనే ఉన్నాడు. 1930లలో ఆయన రాసుకున్న ధాతువుల జాబితాని ఆయన కొడుకు క్రిస్టఫర్ 1987లో అచ్చు వేయించాడు, దాన్నీ ఆ తర్వాతి కాగితాలనీ పక్కన పెడితే చాలా చోట్ల కుదరవు. అందుకే ఆయన తల్లిభాష వ్యాకరణం ఇదీ అని ఒకటే చెప్పలేం, ఏ కాలపు కాగితం ప్రకారం అని అడగాలి. ఆయనకి ఆ మార్చడంలోనే ఆనందం ఉంది, మీకు నవల పూర్తి కావాలి. శాసనం ఒకసారి రాశాక, దానికి కుదిరేలా పిల్లల్ని సర్దండి గానీ శాసనాన్ని మళ్ళీ ముట్టుకోకండి.

శాసనం కథలో ఎలా పనిచేస్తుందో కూడా ఒక మాట. అందులో 'ఊరికి' అనడానికి 'పోలను' అని ఉంటుంది. తీరం పిల్ల దాన్ని చదివి ఇది మా భాషే అంటుంది, ఆమెకి అలాగే అనిపిస్తుంది, తప్పు లేదు. 'చెట్లు' అనడానికి 'మాకి' అని ఉంటుంది. తీరం పిల్లకి క కొంచెం మొరటుగా వినిపిస్తుంది. కొండ కుర్రాడికి 'మాక్' లోని క అక్కడ కనిపిస్తుంది, కానీ తన భాషలో బహువచనం 'మేక్' కాబట్టి ఆ 'మాకి' ఒక చెట్టో చాలా చెట్లో తేల్చుకోలేడు. శాసనంలో దానం ఒక చెట్టా, తోటంతానా అన్నది వాళ్ళిద్దరి మధ్య తగువుకి కారణం కావచ్చు. కథకి ఎక్కడైనా అలాంటి తగువు అవసరమైతే వ్యాకరణం మీకు ఊరికే ఇస్తోంది, వాడుకోండి.

తర్వాతి పోస్టులో రెండు పట్టికలు పెట్టండి. తీరభాషలో హల్లు రెట్టించుకునే నామాలన్నీ ఒకటి, వాటికి కొండభాషలో షష్ఠి రూపాలు పక్కనే. రెండు భాషల్లోనూ క్రమం తప్పే క్రియలు ఇంకొకటి, ముఖ్యంగా వచ్చు, పోవు, ఇచ్చు, ఉండు, చచ్చు అనే అర్థాలున్నవి. ఎక్కువ వాడే క్రియలే ఎక్కువ మొండివి, అక్కడే దొరుకుతుంది. కొండభాషలో 'పోలన్' లాంటి, ఎలా వచ్చిందో తెలియని మాటలు ఇంకేమైనా ఉంటే అవి కూడా రాయండి, చూసి చతుర్థి కాకుండా ఇంకే విభక్తి మిగిలిందో చెప్తాను.